వెసులుబాటు ఎవరికి?

నేటి కుర్రకారుకు పనిమీద శ్రద్ధ లేదన్న మాట ఏ తరంలోనూ వినపడకుండా పోలేదు. ఈమధ్య ఆ మాట అనేవాళ్ళ హోదా మాత్రం బాగా పెరిగింది. 2023 అక్టోబర్‌లో ఇన్ఫోసిస్ సంస్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తి మన యువత వారానికి 70 గంటలు పనిచెయ్యాలని సెలవిచ్చారు. 2025 జనవరిలో లార్సెన్ అండ్ టూబ్రో అధిపతి సుబ్రహ్మణ్యన్ దాన్ని 90 దాకా తీసుకుపోయారు. ఆదివారం కూడా పని చేయించలేకపోతున్నందుకు ఆయన విచారపడ్డారు. ఇంట్లో కూర్చుని భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు ఎంతసేపు చూసుకుంటారని కూడా అడిగారు.

ఈ అంకెల్ని కాగితం మీద పెట్టి చూద్దాం. వారానికి 70 గంటలంటే, ఆరు రోజుల పనికి రోజుకు 11 గంటల 40 నిమిషాలు. హైదరాబాద్ లాంటి నగరంలో పోవడానికి రావడానికి రెండు గంటలు, నిద్రకు ఏడు గంటలు తీసెయ్యండి. మిగిలేది 3 గంటల 20 నిమిషాలు. స్నానం, తిండి, బట్టలు ఉతుక్కోవడం, అమ్మానాన్నలతో ఫోన్‌లో నాలుగు మాటలు, ఒక పుస్తకం, ఒక ప్రేమ, ఒక వూరేగింపు — అన్నీ ఆ మూడు గంటల్లోనే. 90 గంటల లెక్క వెయ్యనక్కర్లేదు. వారానికి 55 గంటలు దాటిన పని వల్ల వచ్చిన గుండెజబ్బులతో, పక్షవాతంతో 2016 ఒక్క సంవత్సరంలోనే ప్రపంచంలో 7 లక్షల 45 వేల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో అంచనా కట్టాయి.

అయితే విచిత్రమేమిటంటే, పనిగంటలు చాలడం లేదని బాధపడే ఈ పెట్టుబడిదారీ వర్గమే మరోపక్క యువతకు ఒక వరం ప్రకటిస్తున్నది. 'ఫ్లెక్సిబుల్' పని అని దానికి పేరు. నీ ఇష్టమొచ్చినప్పుడు రా, ఇష్టమొచ్చినప్పుడు పో. నీకు యజమాని లేడు, నీకు నువ్వే యజమానివి. సంచి భుజాన తగిలించుకుని బండిమీద అన్నం పొట్లాలు మోసే కుర్రాడికి చెప్పేదీ ఇదే, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్న ఇంజనీరుకు చెప్పేదీ ఇదే. చెప్పడమే కాదు, చాలామంది యువకులు దీన్ని నిజంగా కోరుకుంటున్నారు కూడా. స్థిరమైన ఉద్యోగంకంటే 'మన టైము మన చేతుల్లో వుంటుంది' అన్న మాటకే మొగ్గుతున్నారు.

దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? మన శిబిరంలో తేలికైన సమాధానం ఒకటి సిద్ధంగా వుంటుంది: ఇది భ్రమ, బూర్జువా ప్రచారానికి లొంగిపోవడం, వర్గచైతన్యం లేకపోవడం. ఇంత తొందరపాటు తీర్పు ఇవ్వడం సరికాదని నా అభిప్రాయం. ఆ కోరిక అబద్ధం కాదు. ఆ కోరికకు బదులుగా వాళ్ళ చేతిలో పెడుతున్న సరుకే కల్తీది.

కోరిక ఎంత పాతదో, ఎంత న్యాయమైనదో మన పల్లెలే చెబుతాయి. ఏడాది జీతానికి కుదిరిన పాలేరు రోజు ఎలా గడిచేదో పెద్దవాళ్ళకు గుర్తుండే వుంటుంది. తెల్లవారుజామున పేడకళ్ళు తియ్యడంతో మొదలై, రాత్రి పశువులకు మేత వెయ్యడంతో ముగిసే రోజు అది. ముగిసిందని గట్టిగా చెప్పడానికీ వీల్లేదు. అర్ధరాత్రి గేదె ఈనినా అతనే లేవాలి. తెలంగాణలో వెట్టి సంగతి వేరే చెప్పాలా? 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం రావడానికి ముందూ వెనకా పల్లె యువకులు, ముఖ్యంగా మాల మాదిగ వాడల యువకులు, పాలేరుతనం మానుకుని రోజుకూలికి, పట్నానికి, బొగ్గుబావులకు పోయారు. రోజుకూలిలో భద్రత లేదు. పని దొరకని రోజు పస్తే. అయినా పోయారు. సాయంత్రం గట్టు దిగిన తర్వాత ఆ మనిషి మీద ఎవరికీ అధికారం లేదు కనుక పోయారు. అప్పుడు ఆసాములు ఏమన్నారు? కూలోళ్ళకు కొవ్వెక్కింది, వొళ్ళు వంచడం లేదు అన్నారు. 70 గంటల ఉపదేశంలో ఆ పాత గొంతు వినపడకపోతే మన చెవుల్లోనే దోషం వుంది.

గుత్తపని సంగతీ చూడండి. వరినాట్లు ఎకరానికి ఇంతని గుత్తకు పట్టిన ఆడకూలీల ముఠా వొంచిన నడుము ఎత్తకుండా నాటి, పొద్దు వాలకముందే ఇంటికి చేరుతుంది. రోజుకూలి కంటే గుత్తే నయమని వాళ్ళే అంటారు. గట్టుమీద నిలబడి అదిలించేవాడు లేడు, పని అయిపోతే తమ దారి తమది. నడుము నొప్పి మాత్రం గుత్తలోనే ఎక్కువ. ఈ రెండూ నిజాలే. మార్క్స్ 1867లో వెలువడిన 'పెట్టుబడి' మొదటి సంపుటిలో ముక్కరేటు వేతనం మీద రాసిన అధ్యాయంలో సరిగ్గా ఈ రెండు ముఖాలనూ పట్టుకున్నాడు. ముక్కరేటు కార్మికుడిలో స్వేచ్ఛాభావాన్ని, స్వతంత్రతను పెంచుతుందని ఒప్పుకున్నాడు. పనిగంటలు పెంచుకోవడం, పనివేగం పెంచుకోవడం కార్మికుడికే స్వప్రయోజనంగా కనపడేట్టు చేస్తుందనీ, ఇక కాపలావాడి అవసరం తగ్గిపోతుందనీ చూపించాడు. నూటయాభై ఏళ్ళ నాటి ఆ విశ్లేషణను ఈనాటి యాప్ మీద పెట్టి చదివితే, కొత్తగా కలపవలసింది చాలా తక్కువ.

ఆ కొద్దిదీ ఏమిటో చూద్దాం. ఆహారం చేరవేసే కుర్రాడికి పని ఎలా వస్తుంది? బండి అతనిది, బండి వాయిదాలు అతనివి, పెట్రోలు అతనిది, ఫోను, ఫోనులో డేటా అతనివే. ఫోనులో యాప్ తెరిచి 'లాగిన్' అయితే ఆర్డర్ల కోసం ఎదురుచూడటం మొదలవుతుంది. ఒక్కో ఆర్డర్‌కు దూరాన్ని బట్టి ఇంత అని వస్తుంది. దానిమీద 'ఇన్సెంటివ్' వుంటుంది: ఇన్ని ఆర్డర్లు పూర్తిచేస్తే ఇంత, ఇన్ని గంటలు లాగిన్‌లో వుంటే ఇంత. కీలకమంతా ఇక్కడే వుంది. ఆర్డర్ల డబ్బుతో పెట్రోలు, వాయిదా పోగా మిగిలేది చాలదు. ఇన్సెంటివ్ అందితేనే ఇల్లు గడుస్తుంది. అది అందాలంటే మధ్యాహ్నం భోజనాల వేళా, రాత్రి భోజనాల వేళా, శని ఆదివారాలూ, పండగపూటా రోడ్డుమీద వుండాలి. లోకమంతా ఇంట్లో కూర్చుని తినే వేళల్లో. ఇక 'నీ ఇష్టమొచ్చినప్పుడు రా' అన్న మాటలో మిగిలిందేమిటి? రాకపోయినా ఎవడూ తిట్టడు, నిజమే. లెక్క మాత్రం తగ్గిపోతుంది. ఆర్డర్ వద్దంటే, కస్టమరు తక్కువ నక్షత్రాలిస్తే, తర్వాత వచ్చే పని మీద దాని ప్రభావం ఎలా వుంటుందో చెప్పే మనిషి లేడు. ఒక ఉదయం 'ఐడీ బ్లాక్' అయిందని తెలిస్తే అడగడానికి ఆఫీసు గది లేదు. వున్నది ఫోనులో ముందే రాసిపెట్టిన జవాబులు. మేస్త్రీతోనైతే కనీసం పోట్లాడవచ్చు.

మరొకటుంది. హోటలు ముందు చెట్టుకింద బండ్లమీద కూర్చున్న ఈ కుర్రాళ్ళను రోజూ చూస్తూనే వుంటాం. ఫోను చూసుకుంటూ, నవ్వుకుంటూ, తీరిగ్గా వున్నట్టే కనపడతారు. అది తీరిక కాదు. వంట ఆలస్యమైనా, ఆర్డర్ రాకపోయినా ఆ నిరీక్షణకు కూలి లేదు. మిల్లులో నూలు రాక మగ్గం ఆగితే ఆ గంట నష్టం యజమానిదా కార్మికుడిదా అన్న తగాదా పాతదే. ఇక్కడ తగాదా లేకుండానే ఆ గంట కార్మికుడి ఖాతాలో పడిపోయింది. బ్రిటన్‌లో ఊబర్ డ్రైవర్ల కేసులో 2021 ఫిబ్రవరి 19న అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రాముఖ్యం ఇదే. డ్రైవర్లు సొంత వ్యాపారులు కారు, కార్మికులేనని చెప్పి వూరుకోలేదు. తన ప్రాంతంలో యాప్ తెరిచి సవారీకి సిద్ధంగా వున్న సమయమంతా పనిసమయమేనని కూడా తేల్చింది.

ఇదంతా విదేశీ న్యాయమని కొట్టిపారెయ్యనక్కర్లేదు. మన దగ్గర, ఆంధ్రప్రదేశ్ దుకాణాల చట్టం కింద తలెత్తిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు 1973లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. దర్జీలు ముక్కరేటుకు కుట్టేవాళ్ళు. ఫలానా వేళకు రావాలన్న నియమం లేదు. గుడ్డ ఇంటికి తీసుకుపోయి కుట్టినా అభ్యంతరం లేదు. వేరే దుకాణాలకూ కుట్టవచ్చు. ఈనాటి కంపెనీలు చెప్పే 'ఫ్లెక్సిబుల్' లక్షణాలన్నీ వున్నాయి కదా! వాళ్ళు మా ఉద్యోగులు కారని యజమానులు వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. కుట్టు నచ్చకపోతే తిప్పికొట్టి మళ్ళీ కుట్టించే అధికారం దుకాణానికి వుంది, ఆ దర్జీలు పనిచేసే కుట్టుమిషన్లు దుకాణానివి, కాబట్టి వాళ్ళు ఉద్యోగులేనన్నది. వేళాపాళా లేనంతమాత్రాన యజమాని లేకుండా పోడని అర్థం. ఈ రెండు గుర్తుల్లో మొదటిది, తిప్పికొట్టే అధికారం, నక్షత్రాల రూపంలో ఇంకా పదునెక్కింది. రెండోది తెలివిగా తప్పించారు: మిషను బదులు బండిని కార్మికుడి చేతే కొనిపించారు.

తెలంగాణలో బీడీ చుట్టే ఆడవాళ్ళకు ఈ తెలివి కొత్తకాదు. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో లక్షల ఇళ్ళలో చాట వొళ్ళో పెట్టుకుని వంటకూ పిల్లలకూ మధ్య దొరికిన ఖాళీలో చుట్టే పని అది. 'ఇంట్లోనే, తీరికున్నప్పుడు' అనేదే దాని ఆకర్షణ. వెయ్యి బీడీలకు ఇంతని కూలి. ఇచ్చిన తునికాకు చాలకపోతే సొంత డబ్బుతో కొనాలి. నచ్చని బీడీలు ఏరి పక్కన పడేస్తే వాటికి కూలి లేదు. ఖార్ఖానాల్లో చట్టం అమలు చేయవలసి వస్తుందని పనిని ఇళ్ళకు తరలించిన యజమానుల ఎత్తుకు జవాబుగానే 1966లో బీడీ కార్మికుల చట్టం వచ్చింది. ఇంటి దగ్గర చుట్టేవాళ్ళూ కార్మికులేనని దానిలో రాసుకున్నారు. 1974లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 1977లో ప్రావిడెంట్ ఫండ్ వచ్చింది. ఎర్రజెండా పట్టుకుని ఎన్నేళ్ళు తిరిగితే ఇవి వచ్చాయో ఆ జిల్లాల్లో ఎవర్నడిగినా చెబుతారు. ఇప్పుడు ఆ తల్లుల కొడుకులు యాప్‌లో లాగిన్ అవుతున్నారు. తల్లికి చట్టంలో కార్మికురాలన్న పేరైనా దొరికింది. కొడుక్కి అదీ లేదు. 2020 సామాజిక భద్రతా కోడ్ 'గిగ్ వర్కర్' అంటే ఎవరని చెబుతూ, సంప్రదాయ యజమాని–ఉద్యోగి సంబంధానికి బయట పనిచేసేవాడని నిర్వచించింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన ఆ కోడ్ ప్రకారం కంపెనీలు తమ వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సంక్షేమ నిధికి కట్టాలి. నిధి మంచిదే. పనిగంటలు, కనీస వేతనం, ఎదురుచూపుల కూలి మాత్రం ఆ నిర్వచనంతోనే గడప బయట ఆగిపోయాయి. నీతి ఆయోగ్ 2022లో వేసిన అంచనా ప్రకారం ఇలాంటి పనివాళ్ళు 2020–21లో 77 లక్షలు. 2029–30 నాటికి 2 కోట్ల 35 లక్షలవుతారు.

ఇక రెండోరకం యువత, కంప్యూటర్ కార్మికులు. వీళ్ళను కార్మికులనడం కొందరు మిత్రులకు మింగుడు పడదు. జీతం ఎక్కువ కదా అంటారు. శ్రమశక్తి అమ్ముకుంటే తప్ప నెల వాయిదా కట్టలేని మనిషిని మరేమనాలి? 2020 మార్చి లాక్‌డౌన్‌తో మాదాపూర్, గచ్చిబౌలి గదులు ఖాళీ అయి, పని వూళ్ళకు చేరింది. తుని, మిర్యాలగూడ, ప్రొద్దుటూరు ఇళ్ళ ముందుగదుల్లోంచి అమెరికా బ్యాంకుల లెక్కలు నడిచాయి. కుర్రవాళ్ళు దాన్ని ఇష్టపడ్డారు. అద్దె మిగిలింది, అమ్మ చేతి అన్నం దొరికింది. అదే సమయంలో రాత్రి తొమ్మిదింటి కాల్ పదకొండుకు జరిగింది, ఆఫీసుకీ ఇంటికీ మధ్య వున్న గోడ కూలింది. తర్వాత కంపెనీలు తిరిగి రమ్మన్నప్పుడు యువత గొణిగింది. బద్ధకంతో గొణిగిందని యాజమాన్యాలు అన్నాయి.

ఎవరి వెసులుబాటు ఎవరికి నేరమో 2022లో తేటతెల్లమైంది. పోటీ కంపెనీకి కూడా పనిచేస్తున్నారని విప్రో ఒక్కసారిగా 300 మందిని తీసేసింది. కంపెనీ ఒక ఉద్యోగిని మూడు ప్రాజెక్టుల్లో తిప్పితే అది సామర్థ్యం. ఉద్యోగి తన సాయంత్రాన్ని రెండోచోట అమ్ముకుంటే అది మోసం. నైతికంగా రెండోదాన్ని సమర్థించడం నా ఉద్దేశం కాదు. కానీ సాయంత్రం ఉద్యోగిదేనని ఒప్పుకుంటే కదా మోసమో కాదో చర్చించడం!

దక్షిణ కొరియాలో జరిగినదాన్ని మన యువత తప్పక తెలుసుకోవాలి. 2023 మార్చిలో అక్కడి ప్రభుత్వం వారానికి 52 గంటలున్న గరిష్ఠ పరిమితిని 69కి పెంచాలని ప్రతిపాదించింది. ఇది మీ వెసులుబాటు కోసమే, ఎక్కువ గంటలు చేసి కూడబెట్టుకుంటే తర్వాత దీర్ఘ సెలవు తీసుకోవచ్చని నచ్చజెప్పింది. యువ ఉద్యోగులు నమ్మలేదు. వున్న సెలవులే వాడుకోనివ్వడం లేదు, కూడబెట్టినవి ఎప్పుడిస్తారని అడిగారు. ప్రభుత్వం వెనక్కి తగ్గవలసి వచ్చింది. మన దగ్గర 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజు పని గరిష్ఠ పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచాలని నిర్ణయించింది. జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో, వారానికి 48 గంటలు దాటకుండా, రోజుకు 10 గంటల పనికి అనుమతించింది. రెండు వేర్వేరు పార్టీల ప్రభుత్వాలు, నెల తేడాలో, ఒకే అంకె. కార్మిక సంఘాలు ఖండించాయి. యువ ఉద్యోగుల్లో మాత్రం కొరియాలో లేచినంత కలకలం లేవలేదు.

ఎందుకు లేవలేదో ఆలోచించేటప్పుడు ఇంటి సంగతి వదిలెయ్యకూడదు. సొంత జీవితం అంటున్నాం గానీ, అది అందరికీ ఒకేలా లేదు. 2024 కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటి చాకిరీలో పాల్గొనే ఆడవాళ్ళు దానిమీద రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇంటినుంచి పని అంటే కొడుక్కి గది తలుపు వేసుకోవడం, కోడలికి కుక్కర్ కూతల మధ్య మీటింగ్. అయినా ఎక్కువమంది యువతులు ఇంటిపనినే కోరుకుంటారు. ఆఫీసుకు పోతే ఆ 289 నిమిషాలు తగ్గవు, ప్రయాణం అదనం. ఇది స్వేచ్ఛతో చేసిన ఎంపిక అనడానికి నాకు నోరు రాదు. బీడీ చాటకూ లాప్‌టాప్‌కూ మధ్య యాభై ఏళ్ళు గడిచినా, వంటింటికి అడ్డంరాని పనే ఆడదానికి మంచి పని అన్న సూత్రం చెక్కుచెదరలేదు.

యాప్ కుర్రాడి ఇష్టంలో కులానికీ ఒక పాత్ర వుంది. దుకాణంలో, మిల్లులో, ఆసామి దగ్గర పనికి పోతే ముందు అడిగేది ఎవరి తాలూకని. యాప్ అడగదు. ఎర్ర చొక్కానో నారింజ చొక్కానో వేసుకుంటే ఏ వీధిలోకైనా వెళ్ళవచ్చు. ఇది చిన్న విషయం కాదు. పాలేరుతనం మానిన తాతకు అర్థమయ్యే విషయం. అయితే గేటు దగ్గర 'లిఫ్ట్ వాడరాదు' అనే బోర్డు అతనికోసమే వుంటుంది. పేరు తెరమీద కనపడుతుంది కనుక, 2019లో హైదరాబాద్‌లోనే, తెచ్చినవాడు ముస్లిం అని ఆహారం తీసుకోనన్న కస్టమరూ వున్నాడు.

మన కథకులు ఈ యువకుణ్ణి ఎలా చూస్తున్నారు? వర్షంలో తడుస్తూ ఆలస్యంగా వచ్చినవాడు, ఇల్లాలు గ్లాసెడు మంచినీళ్ళివ్వగానే కళ్ళు చెమర్చేవాడు. సాఫ్ట్‌వేర్ యువకుడైతే తల్లిదండ్రుల్ని ఒంటరిగా వదిలేసినవాడు. ఒకడు మన దయకు పాత్రుడు, ఇంకొకడు మన కోపానికి. ఇద్దరి రోజులోనూ గంటలు ఎలా గడుస్తాయో, ఆ గంటల గురించి వాళ్ళేమనుకుంటారో కథలోకి రావడం అరుదు. సింగరేణి కథలు రాసిన అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి లాంటివాళ్ళు షిఫ్టు సైరన్ నుంచి, బావి దిగడం నుంచి మొదలుపెట్టి మనిషి దగ్గరికి వచ్చారు. సైరన్ లేని పనికి అలాంటి పరిశీలన ఇంకా ఎక్కువ కావాలి. వాడికి కావలసింది గ్లాసెడు మంచినీళ్ళు మాత్రమే కాదు. ఆదివారం క్రికెట్, చెల్లెలి పెళ్ళిలో మూడు రోజులు, పెళ్ళాంతో ఒక సినిమా, ఏమీ చెయ్యకుండా కూర్చునే ఒక మధ్యాహ్నం. మార్క్స్ అల్లుడు పాల్ లఫార్గ్ 1880లోనే సోమరితనం శ్రామికుడి హక్కని వాదిస్తూ వ్యంగ్యంగా ఒక చిన్న పుస్తకమే రాశాడు. మనం ఆ కోరికలను వర్గపోరాటానికి బయటి విషయాలుగా ఎందుకు చూడాలి?

ఎనిమిది గంటల పనిదినం కోసం 1886 మేలో షికాగోలో సమ్మె కట్టినవాళ్ళు గేటు దగ్గర కలుసుకున్నారు. ఒకే గేటు, ఒకే సైరన్. ఈ యువకులకు గేటు లేదు. అయినా 2025 డిసెంబర్ 25న, మళ్ళీ 31న, ఆర్డర్లు అత్యధికంగా వచ్చే రెండు రోజుల్ని ఎంచుకుని తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ తదితర సంఘాలు దేశమంతటా సమ్మెకు పిలుపునిచ్చాయి. పది నిమిషాల్లో చేరవెయ్యాలన్న పరుగుపందెం ఆపాలన్నది వాళ్ళ ముఖ్య కోర్కెల్లో ఒకటి. లాగిన్ కావడం మానెయ్యడమే ఆ సమ్మె రూపం. 'నీ ఇష్టమొచ్చినప్పుడు రా' అన్న కంపెనీ మాటను అక్షరాలా తీసుకుని, ఇష్టం లేదని రాకపోవడం. 2026 జనవరిలో కేంద్ర కార్మిక మంత్రి మాట్లాడిన తర్వాత పది నిమిషాల ప్రకటనలు వెనక్కి పోయాయి. సమ్మె కబురు పాకిన దారి మిల్లుగేటు కాదు. హోటలు ముందరి చెట్టుకింద, కూలి లేని ఆ నిరీక్షణలో, ఒక ఫోనునుంచి ఇంకో ఫోనుకు.